బయటూరు షట్‌డౌన్ పనికి రేటు చెప్పేటప్పుడు రూము, తిండి, రైలు ఖర్చు ఎలా వేసుకోవాలి?

రాజాం_ఫిట్టర్

అందరికీ నమస్కారం. పైపింగ్, వాల్వుల ఓవర్‌హాలింగ్ పని మాది. ఊరు రాజాం. ఒడిశాలోని పారదీప్‌లో ఒక షట్‌డౌన్‌కి (మరమ్మతుల కోసం ప్లాంటు ఆపినప్పుడు చేసే పని) విడిగా, అంటే కంపెనీ రోల్ మీద కాకుండా, రమ్మంటున్నారు. నేనూ, ఇద్దరు హెల్పర్లూ. పని 26 రోజులని చెప్తున్నారు. పని ఇచ్చే పార్టీ రెండు దారులు చూపించాడు. ఒకటి: అన్నీ కలిపి రోజుకి ఇంత అని చెప్పెయ్, రూము, తిండి, ప్రయాణం నీవే. రెండోది: రేటు వేరు, ఖర్చులకి బిల్లులు పెడితే ఇచ్చేస్తాం.

ఏది నయం? అన్నీ కలిపి చెప్పాలంటే రేటు మీద ఎంత వేసుకోవాలి? బిల్లులు పెడితే ఆ డబ్బు మీద కూడా టీడీఎస్ (డబ్బిచ్చేటప్పుడే పట్టుకునే పన్ను) కోస్తారా? వర్క్ ఆర్డరులో ఏ మాటలు రాయించుకోవాలో కూడా చెప్పండి.

నాగావళి_సైట్స్

తమ్ముడూ, ఏది నయమన్నది తర్వాత. ముందు ఒక్క మనిషికి నిజంగా ఎంత పడుతుందో కాగితం మీద వెయ్యి. చాలామంది అద్దె, తిండి కూడేసి 26తో భాగించేస్తారు. దెబ్బ అక్కడే. డబ్బు పోయేది అద్దె దగ్గర కాదు, పని లేని రోజుల దగ్గర.

నమూనాకి వేస్తాను, అంకెలు నీవి పెట్టుకో. ఊళ్లో నీ రోజు రేటు 2,500 అనుకుందాం. పని 26 రోజులు, ఆదివారాలు 4, గేట్‌పాస్ (ప్లాంటు లోపలికి వెళ్లే అనుమతి) చేతికొచ్చేదాకా 3 రోజులు. మొత్తం 33 రోజులు అక్కడ తినాలి.

రూములో నీ వాటా 6,000
తిండి రోజుకి 250, 33 రోజులకి 8,250
రూము నుంచి గేటుకి ఆటో రోజుకి 60, 26 రోజులకి 1,560
రానూపోనూ రైలు, దారిలో తిండి 2,400
మెడికల్ ఫిట్‌నెస్, పోలీసు వెరిఫికేషన్, ఫొటోలు, జెరాక్సులు 1,500

కూడితే 19,710. 26తో భాగిస్తే 758. దీనికి గేట్‌పాస్ కోసం కూర్చున్న 3 రోజుల నీ కూలి 7,500 కలపాలి, అది రోజుకి 288. అంటే 2,500 కాస్తా 3,546 అవుతుంది. సరే అనుకుంటే, పని 20 రోజులకే అయిపోయిందనుకో. ఆదివారాలు 3, గేట్‌పాస్ 3, తిండి 26 రోజులకి 6,500. ఆటో 1,200. రూము అద్దె మాత్రం తగ్గదు, నెలకే తీసుకున్నావు. రైలు తగ్గదు, మెడికల్ తగ్గదు. మొత్తం 17,600. దాన్ని 20తో భాగిస్తే 880. ఖాళీ కూలి 375. ఇప్పుడు రేటు 3,755.

అంచేత అన్నీ కలిపి చెప్పదలుచుకుంటే 26 రోజుల లెక్క మీద చెప్పకు, 20 రోజుల లెక్క మీద చెప్పు. వాళ్లు అంత రేటు ఇవ్వనంటే ‘కనీసం ఇన్ని రోజులకి బిల్లు’ అని రాయించు. 24 రోజులు గ్యారంటీ ఇస్తే రేటు దింపొచ్చు. రేటూ తక్కువే, రోజుల గ్యారంటీ కూడా లేదంటే ఆ పని వదిలెయ్యడమే.

హెల్పర్ల సంగతి ఇంకా గట్టిగా చూసుకో. నువ్వు ఖాళీగా కూర్చుంటే నీ కూలి పోతుంది, అంతే. వాళ్లు కూర్చుంటే వాళ్ల కూలి నీ జేబులోంచి పోతుంది. పై లెక్క వాళ్లిద్దరికీ విడివిడిగా వెయ్యి.

ఇప్పుడు నీ మొదటి ప్రశ్న. రెండు దారులూ పూర్తిగా మంచివి కావు. బిల్లులు పెడితే ఇస్తాం అన్నది వినడానికి బాగుంటుంది గానీ మెస్సువాడు బిల్లివ్వడు, ఆటోవాడు అసలే ఇవ్వడు. నెలాఖరుకి అకౌంట్స్‌లో కూర్చున్నవాడు సగం కాగితాలు పక్కన పెడతాడు. నిలబడేది మధ్య దారి:

రూము పార్టీయే చూపించాలి, అద్దె వాళ్లే నేరుగా కట్టాలి. రైలుకి రానూపోనూ తలకి ఇంత అని ముందే మాట్లాడుకున్న మొత్తం. తిండికి రోజు భత్యం, బిల్లులు అడగకూడదు. ఆ భత్యం క్యాలెండర్ రోజులకి. ఈ మాట మర్చిపోకు. ‘పని రోజులకి’ అని రాస్తే ఆదివారం, గేట్‌పాస్ రోజులు, వాన రోజులు నీ నెత్తినే పడతాయి.

పని లేని రోజు ఎవరి ఖాతా అన్నది విడిగా రాయించు. స్కాఫోల్డింగ్ (ఎత్తు మీద పనికి కట్టే మంచె) కట్టలేదు, పర్మిట్ రాలేదు, లైను ఖాళీ చేసి అప్పగించలేదు, గాస్కెట్లు స్టోర్స్‌కి రాలేదు, ఇవన్నీ వాళ్ల వల్ల ఆగినవి. పొద్దున గేటు లోపలికి వెళ్లి హాజరు పడితే పూర్తి రోజు కిందే లెక్క. పిలవకుండా రూములోనే ఉంచితే సగం రేటు, భత్యం మాత్రం పూర్తిగా. నీకు జ్వరం వస్తే ఏమీ రాదు, అది న్యాయమే. దీనికంతటికీ రుజువు టైమ్‌షీటు. ఏ రోజుది ఆ రోజే సైటు ఇంజినీరు సంతకం, ఆగితే ఎందుకు ఆగిందో అదే వరుసలో ఒక ముక్క. వారానికోసారి సంతకాలు పెట్టిద్దాంలే అనుకుంటే ఆ ఇంజినీరు మధ్యలో ఇంకో సైటుకి వెళ్లిపోతాడు, కొత్తాయన తాను చూడనిదానికి సంతకం పెట్టడు.

ఖాతా_పుస్తకం

టీడీఎస్ సంగతి నేను చెప్తాను. 2026 ఏప్రిల్ 1 నుంచి 1961 చట్టం స్థానంలో కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చి సెక్షన్ల నంబర్లు మారాయి. కానీ అందరి నోళ్లలో పాత నంబర్లే ఆడుతున్నాయి కాబట్టి అవే రాస్తున్నాను.

మనుషుల్ని పెట్టుకొని పని చేయించి ఇస్తే అది కాంట్రాక్టు, పాత సెక్షన్ 194సీ. వ్యక్తికి 1 శాతం కోస్తారు. ఒక్క బిల్లు 30,000 దాటినా, ఏడాది మొత్తం లక్ష దాటినా కోత మొదలవుతుంది. ఒక్కడివే వెళ్లి సాంకేతిక సలహా, పర్యవేక్షణ ఇస్తే 194జె, అక్కడ టెక్నికల్ సేవకి 2 శాతం, ప్రొఫెషనల్ ఫీజుకి 10. హెల్పర్లతో వాల్వు పని చేస్తున్నారు కాబట్టి మీది 194సీ. వర్క్ ఆర్డరు మీద ‘ప్రొఫెషనల్ ఫీజు’ అని పడిందంటే 1 బదులు 10 కోసేస్తారు, తర్వాత రిఫండు కోసం రిటర్ను వేసి కూర్చోవాలి. ఆ హెడ్డింగు ముందే చూసుకోండి.

రూము ఖర్చు, రైలు ఖర్చు పని బిల్లులోనే కలిపేస్తే మొత్తం మీద కోస్తారు. ఒకే బిల్లులో ఉన్న ఖర్చుల్ని తీసేసి మిగతాదాని మీదే కొయ్యడం కుదరదని సీబీడీటీ (ప్రత్యక్ష పన్నుల బోర్డు) 1995 నాటి 715 నంబరు సర్క్యులర్‌లోనే ఉంది. ఖర్చులకి విడిగా డెబిట్ నోటు రాసి, అసలు రశీదులు జతచేస్తే చాలా కంపెనీలు దాని మీద కొయ్యవు.

కానీ అసలు తేడా టీడీఎస్‌లో లేదు. అంచనా పద్ధతిలో, అంటే రాబడిలో ఇంత శాతం ఆదాయమని చూపి రిటర్ను వేసే 44ఏడీ, 44ఏడీఏ సెక్షన్ల వాళ్లకి, ఖర్చులు విడిగా చూపించుకునే వీలుండదు. ఇంజినీరింగ్, టెక్నికల్ కన్సల్టెన్సీ వాళ్లు 44ఏడీఏ కింద వచ్చినదాంట్లో సగం ఆదాయంగా చూపాలి. ఫీజు 8 లక్షలు, బస ఖర్చు 2 లక్షలు అనుకోండి. ఆ 2 లక్షలు మీ బిల్లులో మీ ఖాతాకి వస్తే రాబడి 10 లక్షలు, ఆదాయం 5 లక్షలు. హోటలుకి పార్టీయే నేరుగా కడితే రాబడి 8, ఆదాయం 4. మీరు అనుభవించిన రూము ఒక్కటే, ఎవరి చేతి మీదుగా కట్టారన్నదానికే లక్ష తేడా. మీలాంటి పనికి 44ఏడీ, బ్యాంకులో వచ్చినదాని మీద 6 శాతం, అంటే ఆ 2 లక్షలకి 12,000 ఆదాయం. పట్టించుకోనక్కర్లేదు. పైగా కొత్త విధానంలో ఆదాయం 12 లక్షల లోపుంటే రిబేటు వల్ల పన్నే ఉండదు. కాబట్టి మీకు అసలు బాధ పన్ను కాదు, కోసిన డబ్బు రిఫండు వచ్చేదాకా ఇరుక్కోవడం.

జీఎస్టీ: సేవలకి ఏడాదికి 20 లక్షల లోపు రాబడి ఉంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. పని ఒడిశాలో చేసినా ఇదే హద్దు, రాష్ట్రం దాటితే తప్పనిసరి అన్న నిబంధన నుంచి సేవలకి 2017లోనే మినహాయింపు ఇచ్చారు. కానీ ఈ 20 లక్షల్లో మీరు బిల్లు చేసిన బస ఖర్చులూ కలుస్తాయి. 17 లక్షల పని చేసి 4 లక్షల రూము, రైలు బిల్లులు మీ పేరున వేస్తే హద్దు దాటినట్టే.

ఇప్పటికే రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లు చేసే తప్పు ఇంకోటి. ‘రూము ఖర్చు పార్టీ తరఫున కట్టాను, ప్యూర్ ఏజెంటుని, దాని మీద జీఎస్టీ వెయ్యను’ అంటారు. ప్యూర్ ఏజెంటు కావాలంటే కొన్న సేవ మీరు వాడుకోకూడదు. పడుకున్నది మీరే కదా. అది మీ సేవ విలువలో భాగమే, పని మీద 18 శాతమైతే దాని మీదా 18 శాతమే.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాల నమోదు) మాత్రం వెళ్లేలోపు చేయించుకోండి. ఆధార్‌తో ప్రభుత్వ పోర్టల్‌లో ఉచితం, మధ్యలో డబ్బులడిగే సైట్ల జోలికి పోకండి. అది ఉంటే రాతపూర్వక ఒప్పందం ఉన్నచోట 45 రోజుల్లో, లేనిచోట 15 రోజుల్లో డబ్బివ్వాలి. ఆలస్యమైతే ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం రిజర్వు బ్యాంకు బ్యాంక్ రేటుకి మూడు రెట్ల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ. ఆ వడ్డీ వసూలు చేసేవాళ్లు తక్కువే. పనికొచ్చేది వేరే ముక్క: గడువు దాటి, ఆ ఏడాది మార్చి 31 లోపు కూడా కట్టకపోతే ఆ ఖర్చుని పార్టీ ఆ ఏడాది లెక్కలో తగ్గించుకోలేడు. మార్చి నెలలో వాళ్ల ఆడిటరే ఫోన్ చేసి ఇప్పించేస్తాడు. బిల్లు మీద ఉద్యమ్ నంబరు వెయ్యడం మర్చిపోకండి.

రాజాం_ఫిట్టర్

ధన్యవాదాలండీ ఇద్దరికీ. గేట్‌పాస్‌కి 3 రోజులు నిజంగా పడుతుందా? వాళ్లు ‘ఒక్క రోజు’ అంటున్నారు. రూము వాళ్లే ఇస్తామని ఇప్పుడు అంటున్నారు, ఒప్పుకోవచ్చా?

బొబ్బిలి_రిగ్గర్

ఒక్క రోజని ఎవడైనా అంటాడు బాబూ. మెడికల్ ఒకపూట, సేఫ్టీ ట్రైనింగ్ ఒక రోజు, అదీ బ్యాచి నిండితేనే పెడతారు. నువ్వు శుక్రవారం సాయంత్రం దిగితే సోమవారం దాకా ఏటీ కదలదు. అందుకని ఆదివారం రాత్రికి చేరేలాగ బయల్దేరు. పోలీసు వెరిఫికేషన్ ఊళ్లోనే ముందు తీసుకో, అక్కడికెళ్లాక తెప్పించుకోవాలంటే వారం పోతాది. ఆధార్ మీద పేరు, బ్యాంకు పాస్‌బుక్కు మీద పేరు ఒక్కలాగే ఉన్నాయో లేదో హెల్పర్లవి కూడా చూసుకో. ఇంటిపేరు ముందొకచోట, వెనకొకచోట ఉంటే మన తెలుగోళ్ల పాసులు అక్కడే ఆగుతాయి.

వాళ్లిచ్చే రూముకి ఊఁ అనేముందు నాలుగు అడుగు. రూముకి ఎంతమంది? గేటుకి ఎంత దూరం? బస్సు ఉందా, నైటు షిఫ్టుకి కూడా ఉందా? పగలు షిఫ్టోళ్లు, రాత్రి షిఫ్టోళ్లు ఒకే రూములోనా? ఈ నాలుగోది ఎవరూ అడగరు. షట్‌డౌన్‌లో 12 గంటల షిఫ్టులు. పగలు పడుకోవాల్సినోడి పక్కన నలుగురు వంట చేసుకుంటంటే నిద్రుండదు, నిద్రలేనోడు ఎత్తు మీద పని చేస్తే ఏటవుతాదో చెప్పనక్కర్లేదు. ఒకే షిఫ్టోళ్లు ఒకే రూము అని రాయించు.

నువ్వే రూము చూసుకోవలసి వస్తే అడ్వాన్సు ఎంత, ఖాళీ చేసేటప్పుడు ఎన్ని రోజుల్లో తిరిగిస్తాడు, కరెంటు మీటరు రీడింగు ఎంత, ఇవి ఒక కాగితం మీద రాసి ఓనరు సంతకం తీసుకో, మీటరు ఫొటో తియ్యి. అద్దె రశీదు 5,000 దాటి నగదైతే రూపాయి రెవిన్యూ స్టాంపు అంటించి ఉండాలి, ఫోన్‌పే స్క్రీన్‌షాటుని అకౌంట్సోళ్లు రశీదు అనరు. ముగ్గురూ వండుకుంటే తిండి ఖర్చు బాగా దిగుతాది. 5 కేజీల చిన్న సిలిండరు అడ్రసు రుజువు లేకపోయినా గుర్తింపు కార్డు మీద ఇస్తారు. ఒడిశా మెస్సుల్లో ఎక్కువగా ఉప్పుడు బియ్యమే, హెల్పర్లు తినగలరో లేదో ముందే అడిగి తీసుకెళ్లు. రెండోరోజే ఇంటికెళ్లిపోతానంటే ఆ టికెట్టు ఖర్చు నీదే.

పనిముట్లు. స్లీపర్లోనైనా, థర్డ్ ఏసీలోనైనా తలకి 40 కేజీల దాకా లగేజీ ఉచితం. ముగ్గురి సామాను ఒక్క పెట్టెలో కుక్కితే టీసీ ఆపుతాడు, మూడు పెట్టెలు చెయ్యండి. పైపు రెంచిలు, చైను బ్లాకు లాంటి బరువులు పార్సిల్ ఆఫీసులో బుక్ చేసి అదే రైలుకి వెయ్యండి, ఆ రశీదు పార్టీకి పెట్టండి. గ్యాసు సిలిండరు, థిన్నరు రైల్లో ఎక్కనివ్వరు, అక్కడే కొనుక్కోండి. వెళ్లేటప్పుడు గేటు దగ్గర పనిముట్ల జాబితా రెండు కాపీలు రాసి సెక్యూరిటీ ముద్ర వేయించుకో. ముద్ర లేకపోతే వచ్చేటప్పుడు నీ రెంచి నువ్వే బయటికి తెచ్చుకోలేవు, దాని కోసం ఒక రోజు అద్దె, తిండి అదనం.

ఇంకోటి, రాజాంలో స్టేషను లేదు కదా. పార్టీ ‘శ్రీకాకుళం నుంచి కటక్‌కి స్లీపరు’ అని రైలు చార్జీ ఒక్కటే లెక్కేస్తాడు. శ్రీకాకుళం రోడ్ స్టేషనుండేది ఆమదాలవలసలో. రాజాం నుంచి ఆమదాలవలసకి మూడు పెట్టెలతో ఆటో, కటక్‌లో దిగాక పారదీప్‌కి ఇంకో 90, 95 కిలోమీటర్లు. ఈ రెండు ముక్కలూ మొత్తంలో వేసుకో.

పైడిభీమవరం_పంపులు

ఇటు మన జిల్లాకి పని మీద వచ్చేవాళ్లు కూడా ఇది చదువుతుంటే ఒక్క మాట. హైదరాబాద్ అడ్రసుతో జీఎస్టీ ఉన్నవాళ్లు శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో లాడ్జిలో దిగితే ఆ బిల్లు మీద పడేది కేంద్ర జీఎస్టీ, ఆంధ్రా జీఎస్టీ. బసకి హోటలు ఉన్న చోటే లెక్క. తెలంగాణ రిజిస్ట్రేషన్‌లో ఆ క్రెడిట్ (కట్టిన పన్నుని మన జీఎస్టీలోంచి తగ్గించుకోవడం) రాదు. కాబట్టి రేటు వేసేటప్పుడు రూము ఖర్చుని పన్నుతో కలిపే వేసుకోండి. బిల్లు పార్టీ పేరున, పార్టీ ఆంధ్రా నంబరుతో తీయిస్తే వాళ్లకి ఉపయోగపడుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకి 7,500 లోపు గదులకి 5 శాతమే కాబట్టి దీనికోసం ఎక్కువ పోట్లాడక్కర్లేదు. మూడు నెలలు దాటే పనికైతే లాడ్జి దండగ. వరసగా 90 రోజులు తగ్గకుండా, మనిషికి నెలకి 20,000 మించకుండా ఉండే బసకి జీఎస్టీయే లేదు.

ఏసీ రైలు టికెట్టు తీసేటప్పుడు ఐఆర్‌సీటీసీలో జీఎస్టీ నంబరుకి గడి ఉంటుంది, పార్టీ నంబరు అక్కడే కొట్టాలి. తర్వాత మార్చడం కుదరదు. స్లీపరుకి పన్నే లేదు.

రాజాం_ఫిట్టర్

ఇలా రాసి పంపుదామనుకుంటున్నా, చూడండి:

‘రోజు రేటు 2,900. బస కంపెనీది. భోజనానికి రోజుకి 300. రానూపోనూ ప్రయాణం కంపెనీది. కంపెనీ వల్ల పని ఆగితే తగిన పరిహారం ఇస్తారు.’

నాగావళి_సైట్స్

‘తగిన’ అన్న మాట తీసెయ్. తగినదెంతో వాళ్లే చెప్తారు తర్వాత. ఇలా మార్చు:

‘రోజు రేటు 2,900, 12 గంటల షిఫ్టుకి. ఆ పైన గంటకి ఇంత. కనీసం 22 రోజులకి బిల్లు. రేటు మొదలయ్యేది సేఫ్టీ ట్రైనింగ్ రోజు నుంచి. బస కంపెనీయే ఏర్పాటు చేసి నేరుగా కడుతుంది, గదికి ముగ్గురు, ఒకే షిఫ్టువాళ్లు, గేటుకి రవాణాతో. భోజన భత్యం 300, చేరిన రోజు నుంచి బయల్దేరిన రోజు దాకా ప్రతి క్యాలెండర్ రోజుకి, తలకి. ప్రయాణానికి తలకి ఇంత మొత్తం, వెళ్లేది బయల్దేరేముందు, వచ్చేది చివరి టైమ్‌షీటు రోజున. గేటులోకి వచ్చాక పని ఆగితే పూర్తి రేటు, రూములో ఉంచితే సగం.’

హెల్పర్ల రేటు వేరే వరుసలో రాయి. పై నియమాలన్నీ వాళ్లకీ వర్తిస్తాయని ఒక ముక్క చేర్చు.

అక్టోబరు నుంచి డిసెంబరు లోపు పనైతే తుపాను సంగతి కూడా. 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఈ లైను మీద రైళ్లు ఆగిపోయాయి. రైలు రద్దయితే టికెట్టు డబ్బు రైల్వే ఇచ్చేస్తుంది, కానీ ఇరుక్కున్న రోజుల తిండి ఎవరూ ఇవ్వరు. ‘ప్రకృతి వైపరీత్యానికి ఎవరిదీ బాధ్యత కాదు’ అన్న వరుస వాళ్ల ఫారంలో తప్పకుండా ఉంటుంది. దాని కింద ‘భోజన భత్యం, బస కొనసాగుతాయి’ అని చేర్చమను. కూలి అడగకు, ఒప్పుకోరు.

తిరుగు టికెట్టు ఇప్పుడే తియ్యకు. రిజర్వేషన్ 60 రోజుల ముందు నుంచి తీసుకోవచ్చు కాబట్టి తియ్యాలనిపిస్తుంది, కానీ షట్‌డౌన్ ఏ రోజు ముగుస్తుందో ఎవరికీ తెలీదు. చివర్లో తత్కాలే గతి. స్లీపరుకి ముందురోజు పదకొండింటికి తెరుస్తారు, ఏసీకి పదింటికి. ఆ టైముకి నువ్వు ప్లాంటులో ఉంటావు, ఫోను గేటు దగ్గరే వదిలేసి ఉంటావు, కాబట్టి ఆ పని ఊళ్లో ఎవరికైనా అప్పజెప్పు. ఆధార్ ఓటీపీ వాళ్ల ఫోనుకే రావాలి, అంటే బుకింగు వాళ్ల ఖాతా నుంచే అవ్వాలి. కన్ఫర్మ్ అయిన తత్కాల్ రద్దు చేస్తే పైసా రాదు. పని ఒక రోజు పొడిగించారంటే ముగ్గురి టికెట్లూ పోయినట్టే. ‘చివరి తేదీ రాతలో చెప్పాక మారిస్తే రద్దయిన టికెట్ల ఖర్చు కంపెనీది’ అని ప్రయాణం వరుసలో కలిపెయ్.

రాజాం_ఫిట్టర్

కలిపాను. కనీస రోజులు 22 అడిగితే 20 అన్నారు. రేటు 3,050కి పెంచి 20కి ఒప్పుకున్నాను. ఉద్యమ్ నిన్నే వచ్చింది. పోలీసు వెరిఫికేషన్‌కి ముగ్గురివీ పెట్టాం. చిన్న హెల్పరుకి ఆధార్‌లో ఇంటిపేరు వెనకుంది, పాస్‌బుక్కులో ముందుంది. రేపు బ్యాంకుకెళ్తున్నాం.